ఆస్పిరిన్ ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆగాలి: బ్రెయిన్ స్ట్రోక్‌లో ప్లేట్‌లెట్ల పాత్ర (ప్రసంగ పాఠం)

నమస్కారం అండి. అందరూ సర్దుకున్నట్టే ఉన్నారు, మొదలుపెట్టేద్దాం. స్లైడ్లు తక్కువే తెచ్చాను, కాబట్టి వెనక వరసలో వాళ్ళకి తెర సరిగ్గా కనపడకపోయినా పెద్ద నష్టం ఏమీ లేదు.

ఒక చిక్కుప్రశ్నతో మొదలుపెడతాను. గుండెపోటు అనుమానం వస్తే ఆస్పిరిన్ బిళ్ళ నమిలి మింగమంటారు, అంబులెన్స్ వచ్చేలోపే. బ్రెయిన్ స్ట్రోక్ అనుమానం వస్తే, అంటే మూతి ఒక పక్కకి పోయి, చెయ్యి పైకెత్తలేక, మాట ముద్దగా వస్తుంటే, ఇంట్లో ఆస్పిరిన్ అసలు వేయొద్దంటాం. ఆసుపత్రికి వచ్చాక స్కాన్ తీసి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చామనుకోండి, ఆ తర్వాత కూడా మామూలుగా 24 గంటలు ఆస్పిరిన్ ఇవ్వం, ఇంకో స్కాన్ చూసుకుని అప్పుడు మొదలుపెడతాం. ఇంజెక్షన్ ఇవ్వని పేషెంటుకేమో అదే ఆస్పిరిన్ వీలైనంత త్వరగా, 48 గంటల లోపు ఇచ్చేస్తాం. కొందరికి దానికి తోడు రెండో బిళ్ళ కూడా కలుపుతాం, మూడు వారాలయ్యాక ఆ రెండిట్లో ఒకటి ఆపేస్తాం. పేషెంటు తాలూకు వాళ్ళకి ఇదంతా చూస్తే డాక్టరు మూడ్‌ని బట్టి మందు మారుతోందేమో అనిపిస్తుంది, అలా అనిపించడంలో వాళ్ళ తప్పు కూడా ఏమీ లేదు, ఎందుకంటే మేము విడమరిచి చెప్పం. ఈ తేడాలన్నిటికీ మూలం ప్లేట్‌లెట్. అది ఏ దశలో ఉంది, మనం దాన్ని ఏ మెట్టు దగ్గర ఆపుతున్నాం, ఆ టైముకి మెదడులో రక్తనాళాలు ఎలా ఉన్నాయి, ఈ మూడింటిని బట్టే మందు మారుతుంది. ఇవాళ ఆ కథే.

ప్లేట్‌లెట్లు అనగానే మనందరికీ డెంగ్యూ గుర్తొస్తుంది. కౌంట్ ఎంత, ఇరవై వేలా, యాభై వేలా అని రోజూ రెండుసార్లు టెస్ట్ చేయించి టెన్షన్ పడతాం. దాంతో ప్లేట్‌లెట్ అంటే లెక్కే అని మనసులో పడిపోయింది. స్ట్రోక్‌లో లెక్క మీకు దాదాపు ఏమీ చెప్పదు. మామూలు కౌంట్ మైక్రోలీటరు రక్తానికి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు, స్ట్రోక్ వచ్చిన వాళ్ళలో ఎక్కువమందికి అది ఈ పరిధిలోనే ఉంటుంది, రిపోర్టు చూస్తే అంతా నార్మల్. తేడా అంతా అవి ఏం చేస్తున్నాయి అన్నదాంట్లో ఉంది. ఊరికే తిరుగుతున్నాయా, రెచ్చిపోయి ఉన్నాయా. ఈ రెచ్చిపోవడాన్నే మేము యాక్టివేషన్ అంటాం.

ఇవి పూర్తి కణాలు కూడా కావు. ఎముక మజ్జలో మెగాక్యారియోసైట్ అనే పెద్ద కణం ఉంటుంది, దాని నుంచి తెగిపడిన ముక్కలు ఇవి. వెడల్పు రెండు మూడు మైక్రాన్లు, కేంద్రకం లేదు, ఆయుష్షు ఏడు నుంచి పది రోజులు. కేంద్రకం లేదన్న మాట గుర్తుంచుకోండి, ఆస్పిరిన్ కథంతా దాని మీదే నడుస్తుంది. వీటిని సూక్ష్మదర్శినిలో చూసి, రక్తస్రావం ఆపేదీ ఇవే, నాళంలో గడ్డ కట్టేదీ ఇవే అని 1882లో ఇటలీకి చెందిన బిజ్జొజెరో చెప్పాడు. అంటే రక్షణ, ప్రమాదం రెండూ ఒకే పని అని నూట నలభై ఏళ్ళ కిందటే తెలుసు. అప్పటినుంచి ఇప్పటిదాకా మనం చేస్తున్నదల్లా ఆ రెండిటినీ విడదీయగలమా అని వెతకడమే.

ఇప్పుడు నాళం లోపలికి వెళదాం. ఆరోగ్యంగా ఉన్న నాళం లోపలి పొర ఊరికే నున్నగా ఉండే పైపు గోడ కాదండి, అది ప్లేట్‌లెట్లని నిత్యం అదుపులో పెడుతూ ఉంటుంది. నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది, ప్రోస్టాసైక్లిన్ వదులుతుంది, ఈ రెండూ ప్లేట్‌లెట్‌ని నెమ్మదిగా ఉండమని చెప్పే సంకేతాలు. ఏడీపీ అనే పదార్థం ప్లేట్‌లెట్‌ని రెచ్చగొడుతుంది కదా, దాన్ని అక్కడికక్కడే విరిచేసే ఎంజైము కూడా ఆ పొర మీదే ఉంది. పొగతాగడం, షుగరు, బీపీ, కొలెస్టరాల్ చేసే మొదటి నష్టం ఈ పొరకే. గడ్డ ఎప్పుడో తర్వాత వస్తుంది, ముందు ఈ కాపలా బలహీనపడుతుంది.

మెడలో కెరోటిడ్ ధమని ఉంది, మెదడుకి వెళ్ళే ప్రధాన దారి. దాంట్లో కొవ్వు పేరుకుని గడ్డలా లేచి ఉంది, ఏళ్ళుగా ఉంది, మనిషికి ఏ ఇబ్బందీ తెలియదు. ఒకరోజు దాని పై పొర చిరుగుతుంది. కింద ఉన్న కొలాజెన్ అనే ప్రొటీన్ రక్తానికి తగులుతుంది. ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. సన్నబడిన ధమనిలో రక్తం చాలా వేగంగా పోతుంది, అంత వేగంలో ఒక ప్లేట్‌లెట్ గోడని పట్టుకోవడం సులభం కాదు. దానికి పరిష్కారం వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్. ఇది మామూలుగా ముడుచుకుని తిరుగుతుంటుంది. గోడకి అంటుకుని, పైనుంచి ప్రవాహం బలంగా లాగినప్పుడు అది సాగి విప్పుకుంటుంది, విప్పుకున్నప్పుడే ప్లేట్‌లెట్ పట్టుకునే చోటు బయటపడుతుంది. ప్రవాహం ఎంత వేగంగా ఉంటే అంత బాగా పనిచేసే పట్టు అన్నమాట. నాకు వ్యక్తిగతంగా మొత్తం ఈ విషయంలో అన్నిటికన్నా అందంగా అనిపించేది ఇదే. ప్లేట్‌లెట్ వైపు నుంచి దీన్ని పట్టుకునే రిసెప్టరు పేరు జీపీ-1బీ. ఈ పేరు రాసుకోండి, మళ్ళీ వస్తుంది.

ఈ పట్టు గట్టిది కాదు, జారుతూ దొర్లుతూ ఉంటుంది. దాంతో ప్లేట్‌లెట్ నెమ్మదించి, జీపీ-6 అనే ఇంకో రిసెప్టరుతో కొలాజెన్‌ని తాకుతుంది. అదిగో, అక్కడ స్విచ్ పడుతుంది. లోపల కాల్షియం పెరుగుతుంది. అప్పటిదాకా నున్నటి బిళ్ళలా ఉన్నది క్షణాల్లో చుట్టూ ముళ్ళు లేచిన పల్లేరుకాయలా అయిపోతుంది. లోపల దాచుకున్న సంచులు పగిలి ఏడీపీ, సెరటోనిన్, కాల్షియం బయటికి వస్తాయి. ఇంకో పక్క కాక్స్-1 అనే ఎంజైము థ్రాంబాక్సేన్ అనే పదార్థాన్ని తయారుచేసి వదులుతుంది. ఈ ఏడీపీ, ఈ థ్రాంబాక్సేన్ రెండూ పక్కనుంచి పోతున్న ప్లేట్‌లెట్లని రెచ్చగొడతాయి. అంటే మొదటిది గోడని తాకి రెచ్చిపోతే, రెండోది గోడని తాకక్కర్లేదు, మొదటిదాని మాట వింటే చాలు, మూడోది రెండోదాని మాట వింటుంది, ఇలా పెరుగుతూ పోతుంది. మన మందులు ఎక్కువ భాగం ఈ మాట వినిపించకుండా చేసేవే.

చివరి మెట్టు ఒకటి ఉంది. రెచ్చిపోయిన ప్లేట్‌లెట్ మీద జీపీ-2బీ-3ఏ అనే రిసెప్టరు ఆకారం మార్చుకుంటుంది. ఒక్కో ప్లేట్‌లెట్ మీద ఇవి సుమారు ఎనభై వేలు ఉంటాయి. మామూలప్పుడు మూసుకుని ఉంటాయి, ఇప్పుడు తెరుచుకుని రక్తంలో ఉండే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుంటాయి. ఫైబ్రినోజెన్‌కి రెండు చివర్లు ఉన్నాయి కాబట్టి ఒక చివర ఒక ప్లేట్‌లెట్, ఇంకో చివర ఇంకోటి, అలా గుంపు కడతాయి. ఎవరు రెచ్చగొట్టినా, ఏ దారిలో వచ్చినా, చివరికి అందరూ ఈ గుమ్మంలోంచే పోవాలి.

దీనితో పాటు ఇంకో పని జరుగుతుంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. బాగా రెచ్చిపోయిన ప్లేట్‌లెట్ తన పొరలో లోపలి వైపు ఉండే కొన్ని కొవ్వు అణువుల్ని బయటి వైపుకి తిప్పుతుంది. ఆ పైభాగం మీద రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్లు కూర్చుని త్రాంబిన్ అనే ఎంజైముని పెద్ద ఎత్తున తయారుచేస్తాయి. త్రాంబిన్ రెండు పనులు చేస్తుంది, ఫైబ్రినోజెన్‌ని ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది, మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకిన్ని ప్లేట్‌లెట్లని రెచ్చగొడుతుంది. పాఠ్యపుస్తకాల్లో ప్లేట్‌లెట్లు ఒక చాప్టరు, గడ్డకట్టే ఫ్యాక్టర్లు ఇంకో చాప్టరు. రక్తంలో అలాంటి విభజన లేదు.

ఇలా తయారైన గడ్డ అక్కడే దారి మూసేయవచ్చు, లేదా దాంట్లోంచి ఒక ముక్క ఊడి పైకి, మెదడులోకి పోయి సన్నటి చోట ఇరుక్కోవచ్చు. పెద్ద ధమని మూసుకుంటే, చికిత్స లేకుండా గడిచే ప్రతి నిమిషానికి సగటున 19 లక్షల న్యూరాన్లు పోతాయని 2006లో ఒక అంచనా కట్టారు, ఆ అంకె మీరు చాలాచోట్ల వినే ఉంటారు.

స్ట్రోకులన్నీ ఇలా మెడ ధమనిలోంచి రావు. గుండెలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే, అంటే పై గది సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతుంటే, రక్తం ఒక మూల నిలవ ఉండి గడ్డకడుతుంది. అక్కడ ప్రవాహం నెమ్మది, అందుకే ప్లేట్‌లెట్ల కన్నా ఫ్యాక్టర్ల పాత్ర ఎక్కువ. ఈ పేషెంట్లకి దీర్ఘకాలం ఆస్పిరిన్ మీద ఆధారపడితే సరిపోదు, రెండు ప్లేట్‌లెట్ మందులు కలిపి ఇచ్చినా, ఫ్యాక్టర్ల మీద పనిచేసే వార్ఫరిన్‌కి సాటిరాలేదు. 2011లో వచ్చిన అవెరోస్ ట్రయల్‌లో ఆస్పిరిన్ బదులు అపిక్సబాన్, ఇదీ ఫ్యాక్టర్ల మీద పనిచేసేదే, వాడితే స్ట్రోకులు సగానికన్నా తక్కువకి పడిపోయాయి, పెద్ద రక్తస్రావాలు మాత్రం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. కాబట్టి స్ట్రోక్ వచ్చిన ప్రతి మనిషికీ ఈసీజీ తీయడం, గుండె లయని కొన్నాళ్ళు గమనించడం ఫార్మాలిటీ అనుకోకండి. మందు పూర్తిగా మారిపోతుంది. ఇవాళ మనం మాట్లాడుకునేది ముఖ్యంగా ధమనిలోంచి వచ్చే స్ట్రోకుల గురించి.

సరే, మందులు. ఆస్పిరిన్ ఏం చేస్తుందో 1971లో జాన్ వేన్ చూపించాడు, 1982లో ఇంకో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. కాక్స్-1 ఎంజైము లోపలికి వెళ్ళి ఒక చోట అసిటైల్ ముక్కని అతికించేస్తుంది. ఆ ఎంజైము ఇక జన్మలో పనిచేయదు. వేరే కణమైతే కొత్త ఎంజైము తయారుచేసుకుంటుంది, ప్లేట్‌లెట్‌కి కేంద్రకం లేదు కదా, చేసుకోలేదు. కాబట్టి ఆస్పిరిన్ రక్తంలో ఉండేది కొద్ది గంటలే అయినా దెబ్బ తిన్న ప్లేట్‌లెట్ చచ్చేదాకా అలాగే ఉంటుంది. రోజుకి పది శాతం కొత్త ప్లేట్‌లెట్లు వస్తుంటాయి, వాటికోసమే రోజూ చిన్న డోసు, 75 నుంచి 100 మిల్లీగ్రాములు. డోసు పెంచితే ఇంకా బాగా పనిచేస్తుందన్నది భ్రమ. ఆపాల్సిన ఎంజైము ఆ చిన్న డోసుకే దాదాపు పూర్తిగా ఆగిపోయి ఉంటుంది, పైన వేసిందంతా కడుపుకి చేటు. మొదటి రోజు మాత్రం పెద్ద డోసు ఇస్తాం, అన్నిటినీ ఒకేసారి ఆపాలి కాబట్టి.

స్ట్రోక్ వచ్చిన వెంటనే ఆస్పిరిన్ ఇవ్వొచ్చా అన్నది 1997లో తేలింది. ఐఎస్‌టీ, కాస్ట్ అని రెండు ట్రయల్స్, రెండూ కలిపి నలభై వేల మంది పేషెంట్లు. ఫలితం ఏమిటంటే, 48 గంటల లోపు ఆస్పిరిన్ మొదలుపెడితే మొదటి కొద్ది వారాల్లో వెయ్యిమందికి సుమారు తొమ్మిదిమంది చావు నుంచో రెండో స్ట్రోకు నుంచో తప్పించుకున్నారు. వెయ్యికి తొమ్మిదే! చాలామంది పెదవి విరుస్తారు. నాకైతే ఆ అంకె రెండు విషయాలు చెబుతుంది. ఒకటి, ఇంత చవకైన, ఎవరికైనా ఇవ్వగల మందుకి అది మంచి ఫలితమే, ప్రపంచవ్యాప్తంగా గుణిస్తే పెద్ద సంఖ్య అవుతుంది. రెండు, థ్రాంబాక్సేన్ అనే ఒక్క మాటని ఆపినంత మాత్రాన ప్లేట్‌లెట్ ఆగదు. ఏడీపీ ఉంది, త్రాంబిన్ ఉంది, కొలాజెన్ ఉంది. ఇంకో దారి తెరిచే ఉంది.

అందుకే క్లోపిడోగ్రెల్. ఇది ఏడీపీ మాట వినే రిసెప్టరుని, పీ2వై12 అంటారు, మూసేస్తుంది. చైనాలో చేసిన ఛాన్స్ ట్రయల్ 2013లో వచ్చింది. చిన్న స్ట్రోక్, లేదా వచ్చి తగ్గిపోయిన టీఐఏ వచ్చిన 5,170 మందిని 24 గంటల లోపు తీసుకుని, సగంమందికి ఆస్పిరిన్ ఒక్కటే, సగంమందికి రెండూ ఇచ్చారు. మూడు నెలల్లో మళ్ళీ స్ట్రోక్ వచ్చింది ఆస్పిరిన్ వాళ్ళలో 11.7 శాతానికి, రెండూ తీసుకున్నవాళ్ళలో 8.2 శాతానికి. 2018లో పాయింట్ అనే ట్రయల్ కూడా అదే వైపు చూపించింది, కానీ దాంట్లో పెద్ద రక్తస్రావాలు 0.4 శాతం నుంచి 0.9కి పెరిగాయి.

ఇక్కడే మూడు వారాల లెక్క వస్తుంది. ఛాన్స్‌లో రెండు మందులూ కలిపి ఇచ్చింది మొదటి 21 రోజులే. పాయింట్‌లో మూడు నెలలు ఇచ్చారు. వివరంగా చూస్తే లాభమంతా మొదటి మూడు నాలుగు వారాల్లోనే ఉంది, రక్తస్రావం ప్రమాదం మాత్రం మందు వాడినన్నాళ్ళూ ఒకే తీరున సాగింది. ఎందుకలా అంటే, చిరిగిన కొవ్వు గడ్డ పైభాగం మొదటి రోజుల్లోనే రక్తానికి తెరుచుకుని ఉంటుంది, ప్లేట్‌లెట్లు వచ్చి తగులుతూనే ఉంటాయి, రెండో స్ట్రోక్ ప్రమాదం కూడా ఆ రోజుల్లోనే ఎక్కువ. పైభాగం మానుతున్నకొద్దీ రెండో మందుకి ఆపడానికి పెద్దగా ఏమీ మిగలదు, అది చేసేదల్లా రక్తస్రావాన్ని పెంచడమే. ఏడాదిన్నర పాటు రెండూ కలిపి ఇచ్చి చూసిన మ్యాచ్ ట్రయల్ 2004లోనే ఈ సంగతి చెప్పింది. అయినా సరే, మూడు వారాలకని రాసిచ్చిన రెండు మందుల చీటీ మూడేళ్ళు నడుస్తూ ఉండటం ఇప్పటికీ కనిపిస్తుంది. డిశ్చార్జి కాగితంలో ఆపాల్సిన తేదీ రాయడం ఒక్క నిమిషం పని. జూనియర్లు ఉన్నారు కదా ఇక్కడ, దయచేసి రాయండి. అయితే మీలో ఎవరికైనా గుండెలో స్టెంట్ వేసి రెండు మందులూ ఇస్తుంటే, నా మాట విని ఇంటికెళ్ళి ఆపేయకండి, అది వేరే లెక్క, మీ డాక్టరునే అడగాలి.

క్లోపిడోగ్రెల్‌తో ఇంకో మెలిక ఉంది. మింగిన రూపంలో అది పనిచేయదు, కాలేయంలో సీవైపీ 2సీ19 అనే ఎంజైము దాన్ని మార్చాలి. కొందరికి పుట్టుకతోనే ఆ ఎంజైము బలహీనం, ఆసియా జనాభాల్లో ఇది యూరప్ వాళ్ళకన్నా ఎక్కువ. వాళ్ళు రోజూ బిళ్ళ వేసుకుంటూనే ఉంటారు, ప్లేట్‌లెట్‌కి మాత్రం పెద్దగా తగలదు. అదే రిసెప్టరుని మూసే ఇంకో మందు టికాగ్రెలార్, దానికి ఈ మార్పిడి అక్కర్లేదు. ఈ బలహీనత ఉన్నవాళ్ళనే ఏరి 2021లో ఛాన్స్-2 చేశారు, ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ తీసుకున్నవాళ్ళలో 7.6 శాతానికి, టికాగ్రెలార్ తీసుకున్నవాళ్ళలో 6 శాతానికి మళ్ళీ స్ట్రోక్ వచ్చింది. తేడా చిన్నదే కానీ నిజమైనది.

ఇప్పుడు గడ్డ కరిగించే ఇంజెక్షన్ దగ్గరికి వద్దాం. 1995లో ఆల్టిప్లేజ్ మూడు గంటల లోపు ఇస్తే లాభమని తేలింది, 2008లో దాన్ని నాలుగున్నర గంటలకి పెంచారు. ఇది కరిగించేది ఫైబ్రిన్ పోగుల్ని. ప్లేట్‌లెట్‌ని అది ఏమీ చేయదు. అందుకే ఎర్ర కణాలు ఎక్కువున్న మెత్తటి గడ్డ బాగా కరుగుతుంది, ప్లేట్‌లెట్లు కిక్కిరిసిన గడ్డ మొండికేస్తుంది. ప్లేట్‌లెట్లు ఫైబ్రిన్‌ని లోపలికి లాగి గడ్డని బిగుతుగా చేస్తాయి, మందు లోపలికి దిగదు. పైగా గడ్డ కరగకుండా ఆపే పీఏఐ-1 అనే పదార్థాన్ని వాటి సంచుల్లోంచే వదులుతాయి.

ఇదంతా ఒకప్పుడు జంతువుల్లో, గాజు గొట్టాల్లో చూసినది. 2015లో థ్రాంబెక్టమీ, అంటే తొడ దగ్గర్నుంచి గొట్టం పంపి గడ్డని బయటికి లాగే పద్ధతి, నిలదొక్కుకున్నాక మనిషి మెదడులోంచి తీసిన అసలు గడ్డలు మా చేతికొచ్చాయి. కోసి చూస్తే ఒకే గడ్డలో రెండు రకాల ప్రాంతాలు. ఒక చోట పలుచటి ఫైబ్రిన్‌తో ఎర్ర కణాలు, ఇంకో చోట దట్టంగా ప్లేట్‌లెట్లు, వాటి మధ్య ఫైబ్రిన్, వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్, తెల్ల కణాలు, ఆ తెల్ల కణాలు బయటికి విసిరిన డీఎన్ఏ పోగులు కూడా. చాలా గడ్డల్లో ఈ ప్లేట్‌లెట్ భాగం బయటి వైపు గట్టి పొరగా ఉంది, మందు తగిలేది ముందు దానికే. ఇంజెక్షన్ ఇచ్చినా నాళం తెరుచుకోలేదేమిటి అని ఏళ్ళుగా తల పట్టుకున్నదానికి కొంత జవాబు ఇక్కడ దొరికింది.

మరైతే ఇంజెక్షన్‌తో పాటు ప్లేట్‌లెట్ మందు కూడా ఇచ్చేస్తే పోలా? అడగాల్సిన ప్రశ్నే. అడిగారు కూడా. నెదర్లాండ్స్‌లో ఆర్టిస్ ట్రయల్, 2012. ఆల్టిప్లేజ్ మొదలుపెట్టిన గంటన్నర లోపు నరంలోకి 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చారు. పేషెంట్లు బాగుపడటంలో తేడా రాలేదు, మెదడులో లక్షణాలు కలిగించే రక్తస్రావం మాత్రం 1.6 శాతం నుంచి 4.3కి పెరిగింది, ట్రయల్ మధ్యలో ఆపాల్సి వచ్చింది. 24 గంటలు ఆగమనేది ఎందుకో అర్థమైంది కదా. రక్తం అందక దెబ్బతిన్న మెదడులో సన్నటి నాళాల గోడలు చితికి ఉంటాయి. ఆ గోడల్ని ఆ గంటల్లో పట్టి ఉంచుతున్నది కూడా ప్లేట్‌లెట్లే. పైన పెద్ద ధమనిలో దారి మూసేసిందీ అవే, కింద సన్న నాళం పగలకుండా కాపాడుతున్నదీ అవే. మనం నరంలోకి మందు ఎక్కిస్తే అది పైన వాటికి ఒకలా, కింద వాటికి ఒకలా పనిచేయదు.

అందరూ పోవాల్సిన ఆ చివరి గుమ్మం, 2బీ-3ఏ, దాన్నే మూసేస్తే ఎలా ఉంటుందన్నదీ చూశారు. అబ్సిక్సిమాబ్ అనే మందు గుండెలో స్టెంట్ వేసేటప్పుడు అద్భుతంగా పనిచేసింది, అదే ఊపుతో స్ట్రోక్‌లో ఇచ్చారు, మెదడులో రక్తస్రావాలు ఎక్కువై ట్రయల్ ఆపేశారు. ఇంజెక్షన్‌తో పాటు ఎప్టిఫిబటైడ్ ఇచ్చిన మోస్ట్ ట్రయల్ 2024లో వచ్చింది, లాభం లేదు. అలాగని ఇది మూసేసిన అధ్యాయం అనుకోవడానికీ లేదు, అంతకు ఏడాది ముందు, 2023లో, చైనా నుంచి రెస్క్యూ బీటీ-2 వచ్చింది. టిరోఫిబాన్, అదే గుమ్మాన్ని మూసే మందు, త్వరగా దిగిపోయేది. కానీ పేషెంట్లు వేరు, పెద్ద, మధ్యస్థ ధమనులేవీ మూసుకోనివాళ్ళు. దాదాపు 1,180 మందిలో మూడు నెలలకి దాదాపు పూర్తిగా కోలుకున్నవాళ్ళు ఆస్పిరిన్‌తో 22.2 శాతం, టిరోఫిబాన్‌తో 29.1 శాతం. టిరోఫిబాన్ వాళ్ళలో మెదడులో రక్తస్రావం ఒక శాతానికి వచ్చింది. అదే మందుని థ్రాంబెక్టమీకి ముందు ఇచ్చిన ట్రయల్ ఏడాది ముందే విఫలమైంది. అందుకే ఫలానా మందు స్ట్రోక్‌కి మంచిదా కాదా అని ఎవరైనా అడిగితే నాకు చిరాకేస్తుంది. ఏ స్ట్రోకు, ఎన్నో గంట, పక్కన ఇంకేం ఇచ్చారు, ఇవి చెప్పకుండా ఆ ప్రశ్నకి అర్థం లేదు.

ఇప్పుడు జీపీ-1బీ గురించి చెప్పాలి. జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్‌లో 2007లో ఎలుకల్లో ఒక ప్రయోగం చేశారు. మెదడు ధమనిని గంటసేపు మూసి మళ్ళీ తెరిచారు. జీపీ-1బీని, అంటే మొదటి పట్టుని ఆపితే దెబ్బతిన్న భాగం బాగా తగ్గింది, మెదడులో రక్తస్రావం పెరగలేదు. చివరి మెట్టు 2బీ-3ఏని ఆపితే దెబ్బ తగ్గలేదు సరికదా, రక్తస్రావంతో ఎలుకలు చనిపోయాయి. దీన్ని బట్టి ఏం అనిపిస్తుందంటే, పెద్ద నాళం తెరుచుకున్నాక కూడా సన్న నాళాల్లో జరిగే నష్టంలో ప్లేట్‌లెట్లు గుంపు కట్టడం కన్నా, గోడకి అంటుకుని తెల్ల కణాల్ని పిలవడం పెద్ద పాత్ర పోషిస్తోంది. రెచ్చిపోయిన ప్లేట్‌లెట్ మీద పీ-సెలెక్టిన్ అనే ప్రొటీన్ పైకి వస్తుంది, తెల్ల కణం దాన్ని పట్టుకుని వాపు మొదలవుతుంది. ధమని తెరిచాం, యాంజియోగ్రాంలో రక్తం చక్కగా పోతోంది, పేషెంటు మాత్రం లేవలేదు, ఇలాంటివి మేము చూస్తూనే ఉంటాం. కారణాలు చాలా ఉండొచ్చు, వాటిలో ఇది ఒకటి కావచ్చు.

ఎలుకల్లో బాగా పనిచేసి మనుషుల్లో చతికిలబడ్డ స్ట్రోక్ మందుల జాబితా చాలా పొడుగు, అందుకని నేను ఆశ అదుపులో పెట్టుకునే మాట్లాడతాను. జీపీ-6ని ఆపే గ్లెంజోసిమాబ్ అనే యాంటీబాడీ ముక్కని మనుషుల్లో చూశారు. మొదటి చిన్న ట్రయల్‌లో రక్తస్రావం పెరగలేదు, పైగా తగ్గిన సూచనలు కనిపించాయి, అందరం ఉత్సాహపడ్డాం. తర్వాత చేసిన పెద్ద ట్రయల్ 2024లో అనుకున్న లక్ష్యాన్ని అందుకోలేకపోయింది. కానీ మెదడులో రక్తస్రావం పెంచకుండా ప్లేట్‌లెట్‌ని తాకవచ్చు అన్న ఆలోచన ఇంకా బతికే ఉంది. వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్‌ని తుంచే ఎంజైము మీద, గడ్డలోని డీఎన్ఏ పోగుల్ని తెంచే ఎంజైము మీద కూడా పని సాగుతోంది.

నేను చెప్పదలుచుకున్నది అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి. మైకు అటు ఇవ్వండి.

(స్ట్రోక్ రాకుండా ముందు జాగ్రత్తగా రోజూ ఆస్పిరిన్ వేసుకోవచ్చా అని ఒకరు అడిగారు.)

ఇప్పటివరకు స్ట్రోక్ గానీ గుండెజబ్బు గానీ లేని మనిషికి, ముఖ్యంగా వయసు పైబడినవాళ్ళకి, మీ అంతట మీరు మొదలుపెట్టొద్దండి. ఆస్ప్రీ అని ఒక ట్రయల్ 2018లో వచ్చింది, పంతొమ్మిది వేల మంది, ఎక్కువమంది డెబ్బై దాటినవాళ్ళు. గుండెజబ్బులు, స్ట్రోకులు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, పెద్ద రక్తస్రావాలు పెరిగాయి. ఒకసారి స్ట్రోక్ వచ్చినవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు మానకూడదు. ముందు జాగ్రత్త అంటే బీపీ చూపించుకోండి, సిగరెట్టు మానండి. నాళం లోపలి పొరని కాపాడేవి అవే.

(ఇంట్లో ఆస్పిరిన్ ఎందుకు వేయకూడదో చెప్పలేదని ఇంకొకరు గుర్తుచేశారు.)

అవును, మొదట్లో అడిగి అక్కడే వదిలేశాను. స్ట్రోక్ అంటే నాళం మూసుకోవడమే కానక్కర్లేదు, పగలడం కూడా కావచ్చు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, మూతి వంకర, చెయ్యి పడిపోవడం. స్కాన్ తీస్తే తప్ప మాకు కూడా తెలియదు. పగిలిన నాళానికి మీరు ఆస్పిరిన్ ఇస్తే, అక్కడ ప్లేట్‌లెట్ చేయాల్సిన పని చెడగొట్టినట్టే. పైగా మింగడం సరిగ్గా రాని మనిషికి నోట్లో బిళ్ళ వేస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. బిళ్ళ వెతికే టైములో అంబులెన్స్‌కి ఫోన్ చేయండి, లక్షణాలు ఎన్నింటికి మొదలయ్యాయో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి.

(మెదడులో రక్తస్రావమై వచ్చిన పేషెంటు అప్పటికే ఆస్పిరిన్ మీద ఉంటే ప్లేట్‌లెట్లు ఎక్కించాలా అని ఒక విద్యార్థి అడిగాడు.)

మంచి ప్రశ్న. మన తర్కం ప్రకారం ఎక్కించాలి, ఉన్నవి పనిచేయడం లేదు కాబట్టి పనిచేసేవి ఇద్దాం అనిపిస్తుంది. ప్యాచ్ అనే ట్రయల్‌లో, 2016లో, అదే చేశారు. ఎక్కించినవాళ్ళ పరిస్థితి ఎక్కించనివాళ్ళకన్నా అధ్వాన్నంగా తేలింది. ఎందుకో ఖాయంగా ఎవరూ చెప్పలేదు. వెంటనే సర్జరీ చేయాల్సి వస్తే అది వేరే మాట, న్యూరోసర్జన్‌తో మాట్లాడుకుని నిర్ణయించాలి. మామూలుగా మాత్రం ఎక్కించొద్దు. ఇంకెవరైనా? సరే, హాలు వేరేవాళ్ళకి ఇవ్వాలట, మిగతావాళ్ళు బయట వరండాలో అడగండి.